మేయని కంచె

మా మామ పోయాడని నాకు చెప్పింది రాయచోటి బస్సు కండక్టరు. కడపలో నేను పనిచేసే బడి ముందు బస్సు నిలిపించి, ఫుట్‌బోర్డు మీద నుంచే, "టీచరమ్మా, మీ కసువు మామ తెల్లారుజామున పోయినాడంటమ్మా. మీ అత్త చెప్పి పంపించింది. ఎక్కు, సీటు పెట్టినా" అన్నాడు. బస్సు నిండా జనం, గంపలు, ఒక మేక. సుద్దముక్క చేతిలో పట్టుకునే ఎక్కేశాను. దారి పొడుగునా రోడ్డుకు రెండు వైపులా సర్కారు తుమ్మ పచ్చగా ఊగుతూ ఉంటే, నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చెట్టు మీద కోపమేమిటని మీరు అడగవచ్చు. అది తెలియాలంటే ఆయన సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనా, మా అత్తా. వాళ్ళకు పిల్లల్లేరు. రాయచోటి దారిలో గుట్ట కింద మా ఊరు. అన్నదమ్ముల భాగాలప్పుడు మిగతావాళ్ళకు జొన్న చేలు వచ్చాయి, ఈయనకు గుట్టవార బీడు వచ్చింది. నాగలి దిగని నేల, బండ మీద కాస్త మన్ను. "మా అన్నలు నా నోట్లో మన్ను కొట్టినారు పాపా, అది గూడా జానెడే" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కడుపుమంట లేదు. ఎందుకంటే ఆ జానెడు మన్నులో బోద మొలిచేది.

బోద అంటే కొట్టాల మీద కప్పే గడ్డి. తొలకరికి పోచలు లేచి, కార్తీకానికి నడుమెత్తు పెరిగి, ఎండే వేళకు రాగిరంగు తిరిగేది. వాన తడికి నిమ్మాకు వాసన వేసేది. మా ఊళ్ళో కొట్టాలన్నిటి మీదా ఆ బీటి బోదే. గింజ రాలేదాకా కొడవలి పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరైనా తొందరపడితే, "పురిటి మనిషిని పనికి పిలుస్తావా నువ్వు? అది గూడా అంతే, ఉండు" అనేవాడు. ఆ గడ్డితోనే మా ఇల్లు గడిచింది, ఆ గడ్డితోనే నేను టీచరు ట్రైనింగు చదివాను.

ఆయనకో అలవాటు. ఏ ఇంటి ముందు నుంచి పోతున్నా చూరులోంచి ఒక పోచ లాగి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇది మన పడమటి పక్కది, రెండేండ్ల కిందటిది" అనేవాడు. నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు! ఇంటివాళ్ళు మాత్రం, "వచ్చినాడప్పా కసువాయన, ఇల్లు పీకేదానికి" అని మొత్తుకునేవారు. పెళ్ళి చూపులకు వెళ్ళినా ఇదే పని. ఒకసారి అత్త తరఫు చుట్టాలింట్లో చూరు లాగి, "ఇది మాది కాదు, అందుకే కారతాండాది" అన్నాడట. అత్త ఆ మాట చచ్చేదాకా మరిచిపోనని ఇప్పటికీ అంటుంది.

మా వైపు గడ్డిని కసువంటాం. ఇల్లు ఊడిస్తే వచ్చే చెత్తనూ కసువే అంటాం. మా బడికి కోస్తా జిల్లా నుంచి వచ్చిన ఒక టీచరు, "మీ మామను చెత్త మామ అంటారా ఊళ్ళో?" అని అడిగింది. ఆ మాట ఆయనకు చెబితే కోపం రాలేదు. "ఊడిస్తే చెత్త, ఉంచితే కసువు. తప్పేముండాది?" అన్నాడు.

బీటికి మొదట్లో ఎండుకంప కంచె ఉండేది. ఏడాదికొకసారి గుట్ట మీద నుంచి కంప కొట్టి, లాక్కొచ్చి, పరిచేవాడు. చెదలు తినేవి, మేకలు సందు చేసుకుని దూరేవి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తల్లో ఒకసారి ఆయన కడప నుంచి నడిచి వస్తూ రోడ్డు పక్కన సర్కారు తుమ్మ చూశాడు. నిండు ఎండాకాలం, చింతచెట్లే వాడిపోయి ఉంటే అది మాత్రం నవనవలాడుతోంది. ముల్లుంది, మేక ఆకు ముట్టదు, నీళ్ళడగదు. సర్కారువాళ్ళు ఎప్పుడో పరాయి దేశం నుంచి తెప్పించి నాటారు గనుక ఆ పేరు. తువ్వాలు నిండా కాయలు మూటగట్టుకుని వచ్చాడు. "ఏమ్మే, బతికినన్నాళ్ళు ఇంగ కంప కొట్టే పని లేదు" అని అత్తకు చూపించాడు.

బీడు చుట్టూ గట్టు వేసి గింజలు నాటాడు. మొలకలకు కడవలతో నీళ్ళు మోశాడు. నీళ్ళడగదని తెచ్చిన చెట్టుకు నీళ్ళెందుకని అత్త అడిగితే, "పసిబిడ్డలు కదా" అన్నాడు. పసుపుపచ్చని కాయలు కాస్తే మొదటిది నాకే తెచ్చి పెట్టాడు, తియ్యగా ఉంది. గంజి కేంద్రాలు పెట్టిన కరువేడు ఊళ్ళో గొర్రెలు బతికాయంటే ఆ కాయల మీదే బతికాయి. జనం మా ఇంటికొచ్చి, "నీ పున్నెమప్పా" అని చేతులు పట్టుకున్నారు. మా మామ ఊళ్ళో పెద్దమనిషిగా తిరిగింది ఆ ఒక్క ఏడే. ఆయన ముఖం అంత వెలిగిపోవడం మళ్ళీ నేను చూడలేదు.

కరువు పోయి వానలు పడ్డాక చూస్తే, కంచె పక్కన పట్టీ మాదిరి ఒక జాగా బోడిగా మిగిలిపోయింది. బీడంతా బోద లేచింది, తుమ్మ కింద మాత్రం పోచ లేదు. నీడ వల్ల అనుకున్నాడు, కొమ్మలు నరికేశాడు. ఎండ పడింది, బోద రాలేదు. వేర్లు నీళ్ళు తాగేస్తున్నాయనుకున్నాడు, గట్టు వెంట కాలువ తవ్వి వేర్లు తెంచాడు. మరుసటి ఏడు ఆ పట్టీ ఇంకాస్త లోపలికి జరిగింది. అప్పుడాయన నేలకు సత్తువ చచ్చిందనుకున్నాడు. సత్తువ చచ్చిన నేలకు మావాళ్ళకు తెలిసిన వైద్యం ఒకటే, మంద కట్టించడం. గొర్రెలను రాత్రిళ్ళు నేల మీద నిలిపితే పెంటికలూ ఉచ్చా పడి మన్నుకు సత్తువ తిరిగి వస్తుంది. చేనుకు ఎవరైనా కట్టిస్తారు గానీ బీటికి ఎవరు కట్టిస్తారు?

"ఏమప్పా, బీట్లో మంద యాంది? నీకేమన్నా దయ్యం పట్టిందా?" అన్నాడు గొర్రెల కాపరి.

"నా చేనదే. నువ్వు కట్టు" అన్నాడు మామ.

కాపర్లకు జొన్నలు కొలిచి, పూటకింత సంగటి పెట్టి, బీడంతా మంద తిప్పించాడు.

ఆ తొలకరికి నేను సెలవుల్లో ఊళ్ళోనే ఉన్నాను. వాన వెలిసిన కొన్నాళ్ళకు పొద్దున్నే వాకిట్లో కేక. "ఏమ్మే, లెయ్యే! పాపా, నువ్వూ రా! నా బీడు లేసొచ్చింది సూడు!" నిజమే, వాకిట్లోంచి చూస్తే గుట్టవార నేలంతా పచ్చగా ఉంది. బోడి పట్టీలు గూడా పచ్చనే. ఆయన వీధి వీధీ తిరిగి చెప్పి నలుగురినీ పోగేసి, ముందు తానే పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచాడు. దగ్గరికి పోయాక వంగి చూశాడు. అన్నీ చింతాకు మాదిరి చిన్న చిన్న ఆకులు. ఒక మొలకను పెళ్ళగించి అరచేతిలో పెట్టుకున్నాడు, దాని వేరు గొర్రె పెంటికలోంచి వచ్చింది. ఇంకొకటి పీకాడు, అదీ అంతే. గొర్రెలు ఎండాకాలమంతా తిన్నది తుమ్మకాయలు. మంద కట్టించి మా మామ బీడంతా తుమ్మ విత్తనం వేయించుకున్నాడు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి మళ్ళారు. అత్త మాత్రం ఊరుకోలేదు. "కొరివితో తల గోక్కున్నట్ల చేసినావు కద సామీ! గట్టు మీదున్నదానికే చావలేకుండామంటే, జొన్నలు కొలిచి మరీ లోపలికి పిలిస్తివే" అంది. ఆయన నేల మీద కూర్చుని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు, ఇక ఆపితే బాగుండునని నాకనిపించింది.

అసలు సంగతి బయటపడింది అత్త మిరపనారు వల్ల. తుమ్మ కింద రాలిన ఆకు మెత్తగా ఉందని, గంపతో తెచ్చి పెరట్లో నారుమడి మీద ఎరువుగా చల్లింది. ఒక్క మొలక రాలేదు. పక్కన ఆకు వేయని మూల మాత్రం నారు గుబురుగా వచ్చింది. అత్త మామూలుగా తిట్టుకుంటుంటే మామ లేచి వచ్చి ఆ రెండు మడులనూ అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. తరువాత రెండు పగిలిన చట్టెల్లో మన్ను పోసి జొన్నలు వేశాడు. ఒకదానికి మంచినీళ్ళు, ఇంకొకదానికి తుమ్మాకు నానబెట్టిన నీళ్ళు. మంచినీళ్ళ చట్టిలో జొన్న సూదిమొనల్లా లేచింది. రెండోదాంట్లో గింజలు ఉబ్బి, నల్లబడి, అట్లాగే కుళ్ళిపోయాయి.

"నీడ కాదు పాపా, నీళ్ళు గాదు. ఆకు రాల్చి సంపుతాండాది" అన్నాడు. కనిపెట్టానన్న సంతోషం ఆ గొంతులో ఏమీ లేదు.

మా బడిలో సైన్సు అయ్యవారిని అడిగాను. మంచి మనిషి, శ్రద్ధగా విన్నాడు. అలాంటి చెట్లున్నాయనీ, ఆకులోనూ వేరులోనూ ఉండే ఏదో సారం వానకు మన్నులోకి దిగి పక్క గింజను మొలకెత్తనీయదనీ, చలిదేశాల్లో అక్రోటు చెట్టు కింద కూడా ఇట్లాగే జరుగుతుందని తాను చదివాననీ చెప్పాడు. "మీ మామగారు అనుకున్నది సరైనదేనమ్మా" అన్నాడు. దానికి విరుగుడేమిటన్నాను. ఆకు నేల మీద నిలవకుండా చూసుకోవడం తప్ప తనకేమీ తెలియదన్నాడు. నేను ఊరికి వెళ్ళి ఇదంతా చెబితే మామ తలాడించాడు. "ఆ తుమ్మ పుట్టిన దేశం కసువుకు అలవాటైపోయింటాదేమో. మన బోద యాన్నాడు తాగింది పాపా, ఆ కసాయాన్ని?" అన్నాడు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి, ఆఫీసులు కొన్ని గుడారాల్లో నడిచేవి. సర్కారు తెచ్చిన చెట్టును సర్కారే తీసుకుపోవాలని చెప్పడానికి మామ కర్నూలు వెళ్ళాడు. ఒక గుడారంలో వాళ్ళు ఇంకో గుడారానికి పంపారు. ఆఖరికి ఒకాయన కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఎండు నేలకు ఆ చెట్టు వరమనీ, వంటచెరకు ఇస్తుందనీ, కొట్టేయవద్దనీ నచ్చజెప్పాడట. "ఆయప్ప చెప్పింది అబద్ధం గాదు, అదే నా బాధ" అన్నాడు ఇంటికొచ్చి. తరువాత రాజధాని హైదరాబాదుకు పోయింది. "సూస్తివా పాపా, సర్కారు పోయింది, సర్కారు తుమ్మ ఈడనే ఉండాది" అని ఆయనే అందరికీ చెప్పి నవ్వించేవాడు.

పీకడానికి ఊళ్ళో ఎవరూ తోడు రాలేదు. ఎందుకు వస్తారు? పొయ్యిలోకి కట్టె దొరుకుతోంది, గొర్రెలకు కాయ దొరుకుతోంది. ఆయన ఒక్కడే గొడ్డలి పట్టుకుని నరికితే, మొద్దు నుంచి ఒకటికి నాలుగు కొమ్మలు లేచేవి. నిప్పు పెడితే బోదే ముందు కాలింది. చేతులూ కాళ్ళూ ముళ్ళ గాట్లతో నిండిపోయాయి. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళకు మాత్రం ఆయన కనబడితే చాలు, సామెత నోట్లోనే ఉండేది.

"కంచే చేను మేసినట్లయింది గదప్పా నీ పని!"

"మేసిందా? మేస్తే బాగుండునప్పా" అనేవాడు మామ. "మేసేదయితే పేడన్నా ఏస్తాది. ఇది మేయదు, మేయనీదు, మొలవనీదు."

వాళ్ళు నవ్వేవారు. ఆయనా వాళ్ళతో నవ్వి ఇంటికొచ్చి, అన్నం తినకుండా పడుకునేవాడని అత్త చెప్పేది. ఏటేటా బోద తగ్గిపోయింది. జనం కొట్టాల మీద చెరకాకు కప్పడం మొదలుపెట్టారు. ఆయన చూరులో చేయి పెట్టడం మానేశాడు.

కిందటేడు నేను వెళ్ళేసరికి అంత బీట్లోనూ బోద మిగిలింది ఒక పెద్ద బండ పక్కన, మంచమంత జాగాలో. చుట్టూ తుమ్మ అడవి. లోపలికి ఒంగి ఒంగి పోవాలి. ఆయన రోజూ పొద్దున్నే పొరక పట్టుకుని పోయి, రాత్రి రాలిన ఆకును పోచల మధ్య నుంచి ఊడ్చి, గంపకెత్తి, దూరంగా పారబోసి వచ్చేవాడు.

"కసువు కోసరం కసువు ఊడుస్తాండాడు మీ మామ" అంది అత్త. "మొగోడు పొరక పట్టుకుని అడవి ఊడిస్తే ఊరు నగదా? నువ్వన్నా చెప్పు పాపా."

చెప్పాను. మరునాడు పొద్దున ఆయన వెంట బండ దాకా పోయి, ఇక చాల్లే మామా, నా దగ్గరికి కడపకు రండి, ఇద్దరూ హాయిగా ఉందురు గానీ అన్నాను. కావాలంటే ఈ బోద గింజ తీసుకుని ఇంకెక్కడైనా వేయమన్నాను. ఆయన పోచలను చేత్తో నిమురుతూ విన్నాడు.

"యాడ ఎయ్యాల పాపా? అది రాని చోటు ఒకటి చూపియ్యి, ఎత్తుకుని పోతా."

నేను పోచల మధ్య చిక్కుకున్న ఆకులు రెండు ఏరేశాను. అది చూసి ఆయన అన్నాడు, "నేను పోతే నన్ను ఈ బీట్లోనే పెట్టమని మీ అత్తకు చెప్పినా. నా అన్నలు ఇచ్చిన మన్ను కదా." నేను కసురుకున్నాను, శుభమా అంటూ ఆ మాటలేమిటని. ఆయన పొరక భుజాన వేసుకుని ముందు నడిచాడు. అంత ముళ్ళలో కూడా, నాకు గీసుకోకుండా ప్రతి కొమ్మనూ పక్కకు పట్టుకున్నాడు. అట్లాంటి మనిషి మా మామ. నన్ను ఒక్కనాడు పేరు పెట్టి తిట్టలేదు, ఒక్క పూట పస్తుంచలేదు. ఆయన ఓడిపోతూ ఉంటే చూడటం తప్ప నేను ఆయనకు చేసిందేమీ లేదు, చేయగలిగిందీ లేదు.

నేను బస్సు దిగేసరికి ఇంటి ముందు పాడె కడుతున్నారు. చాలా రోజులుగా జ్వరమట, నాకు చెప్పొద్దన్నాడట. అత్త నన్ను పట్టుకుని ఒకసారి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ బండ కాడనే తవ్వమని చెప్పినా పాపా. రా, చూద్దాం" అంది. ఆడవాళ్ళు గుంత దాకా రాకూడదని ఎవరో అన్నారు. ఆమె విననైనా లేదు.

ఆయన మంచాన పడ్డప్పటి నుంచి అక్కడ ఊడ్చినవాళ్ళు లేరు. మంచమంత జాగా మీద ఆకు గోధుమరంగు దుప్పటిలా పడి ఉంది. నేను కూర్చుని చేతులతో ఆకును తోసి చూశాను. పోచల మొదళ్ళు మెత్తగా, నల్లగా ఊడి చేతికి వచ్చాయి.

గుంత తవ్వుతున్న మనిషి పలుగు వేసినప్పుడల్లా వేరు తగిలేది. పలుగు పెట్టి గొడ్డలి తీసుకునేవాడు, వేరు నరికి మళ్ళీ పలుగు పట్టేవాడు. మోకాలి లోతుకు వేర్లే, నడుము లోతుకూ వేర్లే. మామూలుగా అయితే అంత చాలు. అతను చెమట తుడుచుకుని పైకి చూశాడు.

"ఇంకా తవ్వప్పా. వేర్లు లేని కాడికి తవ్వు" అంది అత్త. "బతికినన్నాళ్ళు దీంతో ఏగినాడు. ఆ కిందన్నా ఆయన్ను ఇడిసిపెట్టనీ."

అతను తవ్వాడు. ఇంకొకడు దిగి సాయం పట్టాడు. పలుగు మొన కింద రాయి పగిలింది, రాతి నెర్రెలోంచి గూడా వేరు పోయింది, మణికట్టంత లావు. రొమ్ము లోతుకు వచ్చాక అతను పలుగు పక్కన పెట్టేశాడు.

"దీనికి అడుగు లేదమ్మా. బావుల్లో చూసినా నేను, నీళ్ళకంటే కిందికి పోయింటాది. నీ కాళ్ళు మొక్కుతా, ఇంగ దించనీమ్మా. పొద్దు పోతాండాది."

అత్త గుంత అంచుకు జరిగి లోపలికి తొంగి చూసింది. అదే ఒప్పుకోలు అనుకుని, అప్పటికే పాడె మీద తెచ్చిన ఆయన్ను గుంతలోకి దించారు. గుంత గోడల నిండా నరికిన వేర్ల మొదళ్ళు తెల్లగా, తడిగా కనబడుతున్నాయి. మన్ను వేయబోతుండగా అత్త ఎవరి చేయీ పట్టుకోకుండా గుంతలోకి జారింది. మగవాళ్ళు గట్టిగా అరిచారు. ఆమె ఆయన తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గోడలోంచి ఒక సన్నని వేరు పొడుచుకొచ్చి ఆయన చెంపకు తగులుతోంది. దాన్ని వెనక్కి వంచి మన్నులోకి నొక్కింది. చేయి తీయగానే అది మళ్ళీ ముందుకు వచ్చింది. మళ్ళీ నొక్కింది.

"వదిలెయ్ అత్తా" అన్నాను పైనుంచి.

"వదిలేస్తా పాపా. మొగానికి తగుల్తాది, అంతే" అంటూ మళ్ళీ వంచింది. పారలు పట్టుకున్నవాళ్ళు మన్ను వేయకుండా నిలబడ్డారు.